బంటికి అలర్జీ పరీక్ష కోసం మత్తు ఇస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

కృష్ణలంక_బంటి
మా బంటి నాలుగేళ్ల లాబ్రడార్, 32 కిలోలు. రెండేళ్లుగా ఒకటే గోకుడు. పాదాలు నాకి నాకి వేళ్ల మధ్య వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయి, చంకలు నల్లబడ్డాయి, చెవులు తరచూ చీము పడతాయి. రాత్రి మంచం కింద వాడు గోక్కుంటుంటే నేల మీద గోళ్ల చప్పుడుకు ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటాం. పిడుదుల మందు, గజ్జి మందు, ఎనిమిది వారాల పథ్యం అన్నీ అయ్యాయి. ఇప్పుడు డాక్టరు గారు చర్మం మీద అలర్జీ పరీక్ష చేద్దామన్నారు. పక్కటెముకల మీద బొచ్చు గొరిగి, నలభైకి పైగా చిన్న ఇంజెక్షన్లు చేస్తారట. అందుకు మత్తు ఇవ్వాలట.

నేను అక్కడే ఆగిపోయాను. మా వీధిలో ఒక పగ్ మత్తు ఇచ్చాక మళ్లీ లేవలేదు. అమ్మకు ఆ సంగతి మనసులోంచి పోవడం లేదు. "దురదకు మందుంది, పోయిన ప్రాణానికి ఏముంది" అంటోంది. దురద పరీక్షకు మత్తు ఎందుకు? ఇస్తే ప్రమాదం ఎంత? మీలో చేయించినవాళ్లు ఉంటే చెప్పండి, నాకు రెండు రోజులుగా నిద్ర లేదు.

గోదావరి_గట్టు
అసలు మత్తు అక్కర్లేదు. మా బీగిల్‌కు మత్తు లేకుండానే చేశారు. నేను తల పట్టుకున్నాను, మా అబ్బాయి బిస్కెట్లు తినిపించాడు, అయిపోయింది. అనవసరంగా ఎందుకు మందులు ఎక్కించడం?

సరూర్‌నగర్_షీబా
పై మాటతో నేనూ ఏకీభవిస్తాను. పైగా రక్తంతో చేసే పరీక్ష ఉంది కదా. కాలి నరం నుంచి కొంచెం రక్తం తీసుకుంటారు, అంతే. మత్తూ లేదు, గొరగడమూ లేదు.

పశువైద్యురాలు_నెల్లూరు
బంటి వాళ్లూ, ముందుగా ఒక మాట. ఆ పగ్‌కు ఏం జరిగిందో నాకు తెలియదు, దాని గురించి ఏమీ చెప్పను. మీ భయం మాత్రం న్యాయమైనది. ఆ భయాన్ని ప్రశ్నలుగా మార్చి మీ డాక్టరు ముందు పెట్టండి, మంచి డాక్టరు ఎవరూ విసుక్కోరు.

తెలుగులో మనకు ఒక చిక్కుంది. ఆపరేషన్‌కు ఇచ్చేదీ మత్తే, అరగంట కదలకుండా పడుకోబెట్టేదీ మత్తే. రెండూ ఒకటి కావు. ఆపరేషన్‌కు ఇచ్చే పూర్తి మత్తులో స్పృహ ఉండదు, గొంతులో గొట్టం వేసి ఊపిరిని చూసుకోవాలి. ఈ పరీక్షకు ఇచ్చేది తేలికపాటి మత్తు. కుక్క తనంతట తానే ఊపిరి తీసుకుంటూ మగతగా పడుకుంటుంది. రెండోది తేలిక కదా అని ప్రమాదం సున్నా అనడం తప్పు, రెండింటికీ ఒకే భయం పెట్టుకోవడమూ తప్పే.

ఎందుకు అవసరం అంటే, ఈ సూది చర్మం కిందికి పోకూడదు, చర్మం పొరల్లోనే ఆగాలి. ఒక్కో చోట ఒక్కో అలర్జీ కారకాన్ని వేసి, దద్దురు లేస్తుందేమో చూస్తారు. పోసేది 0.05 నుంచి 0.1 మిల్లీలీటరు మాత్రమే. కుక్క ఒక్కసారి ఒళ్లు విదిల్చినా మందు లోతుకు జారిపోతుంది, ఇక ఆ చుక్క ఫలితం చెప్పదు. అదీగాక భయంతో పెనుగులాడే కుక్క ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది. అలర్జీ స్పందనను అణచగల హార్మోను అది, కాబట్టి ఫలితం మీద దాని నీడ పడే అవకాశం ఉంది. నలభై సార్లు గుచ్చించుకున్న కుక్క మళ్లీ ఆసుపత్రి గడప తొక్కనని మొండికేయడం నేను చూశాను.

గోదావరి గట్టు గారూ, మీ బీగిల్‌కు ఎన్ని చుక్కలు వేశారు?

గోదావరి_గట్టు
పదహారు. మొత్తం వేయాలనే అనుకున్నారు గానీ, ఇక ఓర్చుకోదని ఆపేశారు.

పశువైద్యురాలు_నెల్లూరు
అదే నా భయం. వేయకుండా మిగిలిపోయిన వాటిలోనే అసలు కారణం ఉండి ఉండవచ్చు.

షీబా వాళ్లు అన్న రక్త పరీక్ష తప్పు కాదు. మత్తు ఇవ్వకూడని కుక్కకు, మందులు ఆపలేని కుక్కకు అదే దారి. చర్మ పరీక్ష అలర్జీ మొదలయ్యే చోటునే, అంటే చర్మాన్నే అడుగుతుంది. రక్త పరీక్ష రక్తంలో తిరిగే ఐజీఈని, అంటే అలర్జీకి కారణమయ్యే ప్రతిరక్షకాన్ని (యాంటీబాడీని) కొలుస్తుంది. రెండింటి జవాబులూ ఎప్పుడూ పూర్తిగా కలవవు, అందుకే కొందరు రెండూ చేయిస్తారు. ఒకటి మాత్రం రాసిపెట్టుకోండి: ఈ రెండు పరీక్షల్లో ఏదీ "ఇది అలర్జీయా కాదా" అని తేల్చడానికి కాదు. అది లక్షణాలు చూసి, మిగతా కారణాలన్నీ తోసిపుచ్చి డాక్టరు ముందే తేల్చాలి. పరీక్ష చేసేది ఆ కుక్కకు తయారుచేసే అలర్జీ వ్యాక్సిన్‌లో, అంటే పడనివాటినే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే మందులో, ఏమేమి కలపాలో తెలుసుకోవడానికి. వ్యాక్సిన్ వేయించే ఉద్దేశం లేకపోతే పరీక్షా వద్దు, మత్తూ వద్దు.

కృష్ణలంక_బంటి
వేయించే ఉద్దేశంతోనే ఉన్నాం. జీవితాంతం మాత్రల మీద ఉంచడం ఇష్టం లేదు.

లెక్కల_మాస్టారు
ప్రమాదం ఎంత అని అడిగారు కనుక అంకెలు. బ్రిటన్‌లో 2002 నుంచి 2004 వరకు మత్తు, అనస్థీషియా ఇచ్చిన సుమారు 98 వేల కుక్కలను లెక్కలోకి తీసుకుని చేసిన అధ్యయనం 2008లో అచ్చయింది. మొత్తం మీద మరణాలు 0.17 శాతం. విడదీసి చూస్తేనే అసలు విషయం కనిపిస్తుంది: ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో 0.05 శాతం, జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం. అంటే ఆరోగ్యమైన రెండు వేల కుక్కల్లో దాదాపు ఒకటి, జబ్బుతో ఉన్న 75 కుక్కల్లో ఒకటి. దురద తప్ప వేరే రోగం లేకపోతే మీ బంటి మొదటి వరుసలో ఉంటాడు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది: కుక్కల మరణాల్లో దాదాపు సగం పని అయిపోయాకే జరిగాయి, వాటిలోనూ ఎక్కువ భాగం మొదటి మూడు గంటల్లోనే.

తిరుపతి_టామీ
మాస్టారూ, ఆ లెక్క బ్రిటన్‌ది. అక్కడ కుక్క పక్కనే ఒక నర్సు గుండె, ఆక్సిజన్ చూస్తూ కూర్చుంటుంది. మన ఊళ్లలో చాలా చోట్ల డాక్టరూ ఆయనే, సహాయకుడూ ఆయనే. ఆ 0.05 శాతాన్ని మనకు అంటగట్టి ధైర్యం చెప్పడం నాకు నచ్చలేదు.

లెక్కల_మాస్టారు
మీ అభ్యంతరం సరైనదే. మన దగ్గరి అంకె ఇదే అని నేను అనలేదు, అనను. నేను చెప్పదలచింది ఆ మూడు గంటల మాట. చాలామంది "సూది అయిపోయింది కదా" అని సగం మగతలో ఉన్న కుక్కను ఆటోలో పడుకోబెట్టుకుని వచ్చేస్తారు. కనిపెట్టుకుని ఉండవలసిన సమయం సరిగ్గా అదే.

పశువైద్యురాలు_నెల్లూరు
ఇద్దరూ మంచి మాట అన్నారు. టామీ వాళ్ల మాట నుంచే మీ ప్రశ్నలు పుట్టాలి. మత్తు ఇచ్చాక కుక్కను చూస్తూ ఉండే మనిషి ఎవరు? నరంలో క్యాన్యులా, అంటే మందు ఎక్కించే సన్న గొట్టం, ముందే పెడతారా? ఆక్సిజన్ సిలిండర్ ఆ గదిలో ఉందా, పక్క వీధిలో ఉందా? మత్తుకు విరుగుడు మందు చేతిలో ఉందా? గుండె, కిడ్నీ, లివరు ముందు చూస్తారా? వీటికి "చూద్దాంలే" అనే జవాబు వస్తే ఇంకో చోటికి వెళ్లండి. దూరమైనా సరే.

సర్కారు_తుమ్మ
మా వాడికీ ఇదే పరీక్ష ఉంది, వాడు ఆసుపత్రి వాసన తగిలితేనే కరుస్తాడు. జైలజిన్ అనే మత్తు మందు మా ఊరి పశువుల మందుల దుకాణంలో దొరుకుతుంది. కిలోకు ఎంత వేయాలో చెబితే ఇంటి దగ్గరే వేసుకుని తీసుకెళ్తాను.

పశువైద్యురాలు_నెల్లూరు
చెప్పను. దయచేసి వేరెవరూ ఇక్కడ మోతాదు రాయవద్దు.

కోపంతో అనడం లేదు. జైలజిన్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లో చాలా కుక్కలకు వాంతి అవుతుంది, గుండె వేగం బాగా పడిపోతుంది. కారు వెనక సీట్లో మగతలో ఉన్న కుక్కకు వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మీరు స్టీరింగ్ పట్టుకుని ఉంటారు, చిగుళ్ల రంగు ఎవరు చూస్తారు? కరిచే కుక్క అయితే ముందే ఫోనులో చెప్పండి. వాహనం దగ్గరికే వచ్చి మూతికి తొడుగు వేసి ఇంజెక్షన్ ఇచ్చే వీలు చాలా చోట్ల ఉంటుంది.

సర్కారు_తుమ్మ
అర్థమైంది డాక్టరమ్మా. వేయను.

పల్నాడు_పిల్ల
మందుల మాట వచ్చింది కనుక మాకు జరిగింది చెబుతాను, ఇంకెవరికీ జరగకూడదు. మా స్నోయీకి పరీక్ష హైదరాబాదులో. గుంటూరు నుంచి కారులో వెళ్లాలి. దానికి ప్రయాణంలో వాంతులు. మాకు బస్సు ఎక్కే ముందు అవోమిన్ వేసుకునే అలవాటు ఉంది కదా, పోయినసారి ఒక డాక్టరు దానికీ అదే రాసిచ్చారు కదా అని తెల్లవారుజామున ఒక మాత్ర మింగించాను. మనసులో ఏ చెడూ లేదు.

అక్కడ మత్తు ఇచ్చారు, గొరిగారు, గీతలు గీశారు, అన్నీ వేశారు. ఇరవై నిమిషాలకు చూస్తే ఒక్క దద్దురూ లేదు. హిస్టమిన్ చుక్క అని ఒకటి వేస్తారు, అలర్జీలో దద్దురు లేపే పదార్థమే అది, ఏ కుక్కకైనా లేచి తీరాలి. అదీ లేవలేదు. "ఇంట్లో ఏమైనా ఇచ్చారా" అని అడిగితే అప్పుడు గుర్తొచ్చింది. అవోమిన్ కూడా హిస్టమిన్‌ను అడ్డుకునే మందేనట. డబ్బు పోతే పోయింది. ఏ లాభమూ లేకుండా దానికి ఒకసారి మత్తు ఇప్పించానే అని తిరుగు ప్రయాణమంతా దాని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.

కృష్ణలంక_బంటి
అయ్యో. మేమూ హైదరాబాదే వెళ్లాలి, మా ఇంట్లోనూ అవోమిన్ పట్టీ ఉంది. మీరు రాయకపోతే నేనూ అదే చేసేవాణ్ణి.

ఒంగోలు_రాజు
మా ఊళ్లో గోకుతుందంటే చాలు, ఎవిల్ ఇంజెక్షనూ స్టెరాయిడూ కలిపి పొడిచేస్తారు. అవి కూడా లెక్కలోకి వస్తాయా?

పశువైద్యురాలు_నెల్లూరు
తప్పకుండా వస్తాయి. పల్నాడు పిల్లా, మీరు తప్పు చేశానని కుమిలిపోవద్దు. ఏమేమి ఆపాలో మీకు కాగితం మీద రాసి ఇవ్వవలసింది. సాధారణంగా పాటించే గడువులు ఇవి. ఎవిల్, సెట్రిజిన్, హైడ్రాక్సిజిన్, అవోమిన్ లాంటి యాంటీహిస్టమిన్లు 7 రోజులు. నోటితో ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 14 రోజులు. స్టెరాయిడ్ ఉన్న పూత మందులూ చెవి చుక్కలూ 14 రోజులే. ఈ చెవి చుక్కల దగ్గరే అందరూ పొరబడతారు, బంటికి చెవుల బాధ ఉంది కనుక సీసా మీద చదవండి. వారాలపాటు పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయితే 28 రోజులు. దురదకు వాడే సైక్లోస్పోరిన్ ఆపనవసరం లేదు. ఓక్లాసిటినిబ్, అంటే దురద తగ్గించే అపోక్వెల్ మాత్ర, దాన్నీ ఆపనవసరం లేదు.

సరూర్‌నగర్_షీబా
మాకు తెలిసినవాళ్లను అపోక్వెల్ కూడా రెండు వారాలు ఆపమన్నారు. ఆ రెండు వారాలూ పాపం ఆ కుక్క మెడ రక్తాలు కారేలా గోక్కుంది.

పశువైద్యురాలు_నెల్లూరు
పాతకాలపు జాగ్రత్త కొద్దీ కొందరు అలా అంటారు. ఆపకపోయినా చర్మ పరీక్ష ఫలితం మారదని పరిశోధనల్లో తేలింది. స్టెరాయిడ్ ఆపిన రోజుల్లో కుక్క అల్లాడకుండా కాపాడే మందు అదే. మీ డాక్టరు ఆపమంటే "ఉంచితే పరీక్షకు అడ్డమా" అని అడగండి, చాలు.

ఇదే సూత్రం మత్తు మందుకూ వర్తిస్తుంది. ఈ చర్చలో అందరూ ప్రాణం గురించే అడిగారు, అది సహజం. ఈ పరీక్షలో మత్తుకు రెండో పరీక్ష కూడా ఉంది: అది దద్దురును చెడగొట్టకూడదు. ఎసిప్రోమజిన్, ట్రైఫ్లుప్రోమజిన్ కుక్కలను శాంతపరచడానికి చాలాకాలంగా వాడుతున్నవే. ఈ పరీక్షకు మాత్రం పనికిరావు. అవీ హిస్టమిన్‌ను అడ్డుకుంటాయి, పైగా ఎసిప్రోమజిన్‌కు విరుగుడు లేదు, గంటల తరబడి ఉంటుంది. మార్ఫిన్‌ది దానికి తలకిందులు. అదే చర్మంలో హిస్టమిన్‌ను విడుదల చేయించగలదు, అప్పుడు పోల్చి చూడడానికి వేసే, పొంగకూడని ఉత్త ఉప్పునీటి చుక్క కూడా పొంగి మనల్ని మోసం చేస్తుంది. అందుకే ఎక్కువగా వాడేది మెడెటోమిడిన్, డెక్స్‌మెడెటోమిడిన్, లేదా జైలజిన్.

డాలస్_గోల్డీ
మాకు ఇక్కడ డెక్స్‌మెడెటోమిడిన్‌తోనే చేశారు. నేను చూసింది చెబుతాను. గది దీపాలు తగ్గించారు, ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఈ మందుతో పడుకున్న కుక్క పూర్తిగా నిద్రలో ఉన్నట్టే ఉంటుంది గానీ, పెద్ద చప్పుడైతే ఉలిక్కిపడి లేచి కరిచే ప్రమాదం ఉందట. కళ్లు తెరుచుకునే ఉంటాయి కాబట్టి ఎండిపోకుండా మలాము రాశారు. ఒళ్లు చల్లబడుతుందని దుప్పటి కప్పారు. చిగుళ్లు పాలిపోయి కనిపించేసరికి నా గుండె జారింది. ఈ మందు రక్తనాళాలను బిగిస్తుంది కనుక అలాగే ఉంటుందని, గుండె వేగం సగానికి తగ్గడమూ అనుకున్నదేనని ముందే చెప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదు. చదివినవాళ్లు ముందే తెలుసుకోండి.

పని కాగానే అటిపమెజోల్ అనే విరుగుడు కండరానికి ఇచ్చారు. పది నిమిషాలకు తల ఎత్తి నన్ను చూసి తోక ఆడించింది.

పగ్గమ్మ
నాకు రెండు పగ్‌లు. మొదటి పోస్టు చదివాక ఇంటి పని చేయబుద్ధి కాలేదు. మూతి చప్పిడిగా ఉండే జాతులకు ఈ మత్తు పూర్తిగా నిషేధమా?

పశువైద్యురాలు_నెల్లూరు
నిషేధం కాదమ్మా, జాగ్రత్త రెట్టింపు. మెలకువలోనే గురక పెట్టేవి అవి. మగతలో గొంతు కండరాలు సడలితే ఊపిరి దారి ఇంకా ఇరుకవుతుంది. మెడ చాచి ఉంచాలి, ఆక్సిజన్ పెట్టాలి, గొట్టం వేసే సరంజామా పక్కనే ఉండాలి, పూర్తిగా తేరుకునేదాకా ఒక మనిషి వదలకూడదు. ఇవన్నీ కుదరని చోట నేనైతే పగ్‌కు రక్త పరీక్షతోనే సరిపెడతాను. గుండె జబ్బు ఉన్న కుక్కకు కూడా అంతే. డెక్స్‌మెడెటోమిడిన్ ఆ గుండె మీద పెద్ద భారం.

డాలస్_గోల్డీ
మా పక్కింటివాళ్ల కుక్కకు గుండెలో చిన్న శబ్దం వినిపించిందని చర్మ పరీక్ష ఆపేసి రక్తం తీసుకున్నారు. డాక్టరు అడుగు వెనక్కి వేయడం చూశాకే నాకు ఆ క్లినిక్ మీద నమ్మకం పెరిగింది.

తిరుపతి_టామీ
ఇంకో మాట. వెంట్రుకలు పంపితే, లాలాజలం పంపితే మూడు వందల అలర్జీలు చెబుతామని ఫోనులో ప్రకటనలు వస్తున్నాయి. మత్తు భయంతో మా తమ్ముడు దానికి డబ్బు కట్టాడు. కోడిమాంసం మొదలు కొబ్బరి దాకా అన్నీ పడవని వచ్చింది. పాపం మూడు నెలలు ఆ కుక్క ఉత్త అన్నం తింది.

పశువైద్యురాలు_నెల్లూరు
ఆ పరీక్షలు అలర్జీ ఉన్న కుక్కకూ లేని కుక్కకూ తేడా చెప్పలేకపోయాయి, బొమ్మ కుక్క బొచ్చు పంపినా జవాబు వచ్చింది. తిండి అలర్జీకి పథ్యమే పరీక్ష, ఎనిమిది వారాలు. చర్మ పరీక్షా దాన్ని చెప్పదు, రక్త పరీక్షా చెప్పదు. ఆ కుక్కకు వెంటనే సరైన తిండి పెట్టమనండి.

కృష్ణలంక_బంటి
అమ్మకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. అవోమిన్ కథ రెండుసార్లు చదివించుకుంది. చివరికి "విరుగుడు ఉందో లేదో నేనే అడుగుతాను" అంది. వచ్చే నెలకు తేదీ తీసుకున్నాం. చెవి చుక్కల సీసాలో నిజంగానే స్టెరాయిడ్ ఉంది, మార్పించాం.

ఒంగోలు_రాజు
ముందు రాత్రి నుంచి తిండి పెట్టకూడదు కదా? లాబ్రడార్‌ను పస్తు పెట్టడం మత్తు కన్నా కష్టం!

పశువైద్యురాలు_నెల్లూరు
రాత్రి భోజనం తరువాత ఏమీ వద్దు. నీళ్లు ఎప్పటిదాకా అన్నది మీ డాక్టరు చెప్పినట్టు. దారిలో ఎవరూ జాలిపడి బిస్కెట్ వేయకుండా చూడండి.

కృష్ణలంక_బంటి
నిన్న అయింది. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాం. రక్త పరీక్షలు మూడు రోజుల ముందే ఇక్కడ చేయించి కాగితాలు తీసుకెళ్లాం. అమ్మ గుమ్మంలోనే విరుగుడు సంగతి అడిగింది. ఆ డాక్టరు గారు నవ్వకుండా, విసుక్కోకుండా సీసా తెచ్చి చేతికిచ్చి చూపించారు. కాలికి క్యాన్యులా పెట్టారు, నాలుకకు ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టారు, ఒక అమ్మాయి మొదటి నుంచి చివరిదాకా వాడి తల దగ్గరే కూర్చుంది. ఇంజెక్షన్ ఇచ్చిన అయిదు నిమిషాలకు కొంచెం పసరు కక్కాడు. ఆ తరువాత మెల్లగా కాళ్లు మడిచి పడుకున్నాడు. చిగుళ్లు పాలిపోయాయి. డాలస్ వాళ్లు చెప్పి ఉండకపోతే నేను కేక పెట్టేవాణ్ణి.

పదిహేను నిమిషాలకు హిస్టమిన్ చుక్క రూపాయి బిళ్లంత లేచింది. ఉప్పునీటి చుక్క చదునుగా ఉంది. ఆ రెండూ చూడగానే పల్నాడు పిల్ల గుర్తొచ్చింది. ఇంటి దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగులకు పెద్ద దద్దురు, వయ్యారిభామ పుప్పొడికి ఇంకో పెద్దది, గరికకు చిన్నది. మా ఇంటి వెనక ఖాళీ స్థలమంతా వయ్యారిభామే. వాడు రోజూ పొర్లేది అక్కడే.

విరుగుడు ఇచ్చిన పావుగంటకు లేచి నిలబడ్డాడు. మూడు గంటలు అక్కడే కూర్చోబెట్టుకున్నాం, మాస్టారి మాట ప్రకారం. బయటికి తీసుకెళ్తే ఎంతసేపు మూత్రం పోశాడో చెప్పలేను.

పల్నాడు_పిల్ల
చదువుతుంటే కళ్లు చెమర్చాయి. స్నోయీకి కూడా వచ్చే నెలలో మళ్లీ చేయిస్తున్నాం. ఈసారి మాత్రలేవీ లేకుండా, మధ్య మధ్య కారు ఆపుకుంటూ వెళ్తాం.

పశువైద్యురాలు_నెల్లూరు
మూత్రం ఆ మందు వల్లే, ఎక్కువ పోస్తారు, భయం లేదు. గొరిగిన చోట ఈ రెండు రోజులు దురద పెడితే చల్లటి తడిగుడ్డ వేయండి. ఆ స్థలం యజమానితో మాట్లాడి పూతకు రాకముందే వయ్యారిభామ పీకించండి, పీకేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలి, మనుషుల చర్మానికీ అది పడదు. వ్యాక్సిన్ మొదలుపెట్టాక తేడా తెలియడానికి నెలలు పడుతుంది, ఏడాది చూడకుండా పనిచేయలేదని తేల్చవద్దు.

కృష్ణలంక_బంటి
వ్యాక్సిన్ తయారై రావడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. మొదటి డోసు ఇంట్లోనే వేయవచ్చా, క్లినిక్‌లోనా?

పశువైద్యురాలు_నెల్లూరు
క్లినిక్‌లోనే. వేశాక కనీసం అరగంట, వీలైతే గంట అక్కడే కూర్చోండి. ముఖం వాచినా, వాంతులైనా, నిలబడలేకపోయినా అక్కడే చూసుకోవచ్చు. అరుదే, కానీ మొదటి డోసులకు ఆ కాస్త సమయం ఇవ్వండి. అమ్మగారిని కూడా తీసుకెళ్లండి.